ఆనందం కాదు, యావ: ఖర్రా నుంచి ఎండీ దాకా మెదడులో డోపమిన్ లెక్క

మహారాష్ట్రలోని బల్లార్షాలో ఏ పాన్‌ఠేలా దగ్గర నిలబడ్డా ఈమధ్య మాట ‘ఎండీ’ అనే మాదకద్రవ్యం మీదికే పోతోంది. నాగ్‌పూర్‌లో ఇంత దొరికిందట, చంద్రపూర్‌లో ఫలానా కాలనీ పిల్లగాణ్ణి పట్టుకుపోయారట. 2024 ఫిబ్రవరిలో పుణె పోలీసులు కుర్‌కుంభ్‌లోని రసాయనాల ఫ్యాక్టరీ మీద పడి కిలోలకు కిలోలు బయటికి తీసినప్పటి నుంచి ఆ రెండక్షరాలు అందరి నోళ్లలో నలుగుతున్నాయి. “డోపమిన్ మొత్తం ఖతమైతదట, ఇంక మనిషి దేనికీ పనికిరాడట” అని ఒకాయన గట్టిగా చెబుతుంటాడు. చెప్పే ఆయన దవడలో వక్క, పొగాకు కలిపిన ఖర్రా ముద్ద ఉంటుంది. దాని సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ ముద్దా, ఆ పొడీ మెదడులో చివరికి చేరే గడప ఒక్కటే. అలాగని రెండూ సమానం కాదు. ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలియాలంటే డోపమిన్ అనే మెదడు రసాయనం గురించి ఠేలా దగ్గర వినపడే మాటల్లో సగం పక్కన పెట్టాలి.

‘మత్తు’ అనే మాటతో వచ్చిన తికమక

మన పత్రికలు గంజాయినీ, బ్రౌన్ షుగర్‌నూ, ఎండీనీ ఒకే గాటన కట్టి మత్తు పదార్థాలు అంటాయి. చట్టానికి ఆ మాట సరిపోతుందేమో, మెదడుకు సరిపోదు. బ్రౌన్ షుగర్ అంటే నాసిరకం హెరాయిన్. అది నల్లమందు వంశం, నొప్పిని చంపి మనిషిని జోగేలా చేస్తుంది. గంజాయిది ఇంకో దారి. ఎండీ అంటే మెఫెడ్రోన్. అది మత్తు ఇవ్వదు సరికదా, ఉన్న మత్తును వదలగొడుతుంది. నిద్ర పట్టదు, ఆకలి వేయదు, గుండె దడదడలాడుతుంది, నోరు మూతపడదు. ఇలాంటి వాటిని ఉత్తేజకాలు అంటారు. కొకైన్, యాంఫెటమిన్, మెథాంఫెటమిన్ ఈ జాతివే. పొగాకులోని నికోటిన్, చాయ్‌లోని కెఫీన్ కూడా ఈ జాతివే, కాకపోతే బలంలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం.

మెఫెడ్రోన్ కొత్తదేమీ కాదు. 1929లోనే ప్రయోగశాలలో తయారైంది, తర్వాత దాన్ని అందరూ మరిచిపోయారు. 2000 దాటాక బజారుకెక్కింది. మన దేశం 2015లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. ఎండీఎంఏ అనేది వేరే పదార్థం, పేర్లు దగ్గరగా ఉండటంతో రెంటినీ ఒకటిగా రాసేస్తుంటారు.

ఇక ఖర్రా. వర్ధా నదికి ఈవల ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ ఆవల చదివేవాళ్ల కోసం: వక్క ముక్కలు, పొగాకు, తడి సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి, అరచేత్తో రుద్ది రుద్ది ఇస్తారు. మా వాళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి ఇక్కడి బొగ్గుబాయిలకు వచ్చినవాళ్లు. బాయి లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదు, మీథేన్ వాయువు అంటుకుంటే అందరూ పోతారు. బీడీ గడ్డమీదే ఉండిపోయింది, ఖర్రా మాత్రం జేబులో కిందికి దిగింది.

కుందేళ్లు, సర్పగంధ, ఎలుకలు

స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివర కుందేళ్లకు రిసర్పిన్ ఎక్కించాడు. ఇది మన సర్పగంధ వేరు నుంచి తీసే మందు, అప్పట్లో రక్తపోటుకు వాడేవాళ్లు. కుందేళ్లు చెవులు వాల్చేసి రాళ్లలా కూర్చుండిపోయాయి. తర్వాత ఎల్-డోపా అనే పదార్థం ఇస్తే కాసేపట్లో లేచి తిరిగాయి. ఎల్-డోపా నుంచి మెదడు తయారుచేసుకునేది డోపమిన్‌ను. అప్పటిదాకా వేరే రసాయనం తయారీలో మధ్య మజిలీ అనుకున్న డోపమిన్‌కు సొంత పని ఉందని అలా తేలింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

కుందేళ్లు పోగొట్టుకున్నది కదలికను. ఆనందం సంగతి ఆ ప్రయోగంలో లేనే లేదు. ఆనందం మాట వేరే దారిలో వచ్చి చేరింది. 1954లో కెనడాలో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో సన్నటి తీగ పెట్టి, మీట నొక్కితే అక్కడ చిన్న కరెంటు తగిలేలా అమర్చారు. ఎలుకలు పదేపదే నొక్కాయి. ఇంకేం, ‘సుఖకేంద్రం’ దొరికిందన్నారు. ఆ దారుల్లో పారేది ప్రధానంగా డోపమిన్ అని తర్వాత తెలిసింది. అలా దానికి ‘ఆనంద రసాయనం’ అని ముద్ర పడింది. ఆ ముద్ర ఈనాటికీ చెరగలేదు, ‘డోపమిన్ డిటాక్స్’ అని ఫోన్ పక్కన పెట్టేసే ఫ్యాషన్ దాకా వచ్చింది. కడిగి పారేయడానికి డోపమిన్ మలినం కాదు. అది పూర్తిగా పోతే ఏమవుతుందో ఆ కుందేళ్లు చూపించాయి.

అసలు సంగతి కెంట్ బెర్రిడ్జ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకల్లో బయటపడింది. డోపమిన్ దాదాపు మొత్తం తీసేసిన ఎలుక తిండి ముందు ఉన్నా కదలదు, వదిలేస్తే ఆకలితో చచ్చిపోతుంది. కానీ నాలుక మీద చక్కెర నీళ్ల చుక్క వేస్తే, మామూలు ఎలుకలాగే ఇష్టంగా పెదాలు నాక్కుంటుంది. రుచి తెలుస్తోంది, బాగుందనీ తెలుస్తోంది. దాని కోసం లేచి వెళ్లాలన్న యావ మాత్రం పోయింది. ఇష్టం ఒకటి, యావ ఇంకొకటి. తెలుగులో ఈ రెండు మాటలు ఎప్పుడూ వేరుగానే ఉన్నాయి. తిండియావ ఉన్నవాడు తిండిని ఆస్వాదిస్తున్నాడని మనం అనం కదా.

మనుషుల్లోనూ దీనికి సాక్ష్యం ఉంది. పార్కిన్సన్స్ రోగంలో డోపమిన్ కణాలు చచ్చిపోతాయి, అందుకని డోపమిన్‌ను అనుకరించే మందులిస్తారు. ఆ మందులు పడిన కొందరికి, అంతకుముందు ఏ అలవాటూ లేనివాళ్లకు, జూదం పిచ్చి పట్టుకుంటుంది. మందు తగ్గిస్తే చాలామందిలో అదీ తగ్గుతుంది.

మా చిన్నబాపు 20 ఏళ్లకు పైగా ఖర్రా తిన్నాడు. చివరి ఏళ్లలో కారం తగిలితే నోరంతా భగ్గుమనేది, అయినా మానలేదు. అంత మంటతో ఎందుకు తింటున్నావని అడిగితే ఒకసారి అన్నాడు: “తినాలని లేదు బిడ్డా. చెయ్యే పోతది.” ఏ పరిశోధన వ్యాసమూ నాకు ఇంతకన్నా సూటిగా చెప్పలేదు.

శనివారం బండిలో సకినాలు

చెయ్యి దానంతటది ఎందుకు పోతుంది? ఒక చిన్న లెక్క చూద్దాం. మంచిర్యాల నుంచి మేనమామ ఒక శనివారం సాయంత్రం బండిలో చెప్పాపెట్టకుండా వచ్చాడు, సంచిలో సకినాలు ఉన్నాయి. పిల్లవాడి మెదడులో డోపమిన్ ఎగిసింది. తర్వాత ప్రతి శనివారం అదే బండి, అవే సకినాలు. నాలుగైదు వారాలయ్యేసరికి సకినం చేతికొచ్చినప్పుడు డోపమిన్ ఎగరడం ఆగిపోతుంది. బండి కూత వినపడినప్పుడు ఎగురుతుంది. ఒక శనివారం కూత వినపడి, మామ రాలేదనుకోండి. సరిగ్గా సకినాలు రావలసిన ఆ వేళకు డోపమిన్ మామూలు కన్నా కిందికి పడిపోతుంది.

వోల్ఫ్రామ్ షుల్ట్స్ అనే నాడీశాస్త్రవేత్త కోతుల మెదడులో ఒక్కో కణాన్నీ విని కనిపెట్టింది ఇదే. అక్కడ బండి కూత బదులు దీపం, సకినాల బదులు పళ్లరసం. 1997లో ఆయనా, ఇంకో ఇద్దరూ కలిసి దీన్ని గణితంలో పెట్టారు: వచ్చిన దాంట్లోంచి అనుకున్నది తీసేస్తే మిగిలేదే డోపమిన్ సంకేతం. పది అనుకుంటే పది వస్తే సున్నా. పదిహేను వస్తే ఐదు మిగులు, అంటే ‘ఇది నేర్చుకో, మళ్లీ చెయ్యి’ అని. ఏడే వస్తే మూడు లోటు.

మామూలు తిండికి, మాటకు, పనికి ఈ లెక్క దానంతటదే సర్దుకుంటుంది. ఎంత మంచి సకినమైనా రోజూ తింటే అనుకున్నదీ వచ్చిందీ సమానమైపోతాయి. ఉత్తేజకం దగ్గర లెక్క తప్పుతుంది. అది నేరుగా డోపమిన్‌నే ఎగదోస్తుంది కాబట్టి, అనుకున్నది ఎంతైనా సరే, ప్రతిసారీ దాని మీద ఐదు మిగులు దొంగలెక్కగా రాసిపెడుతుంది. ఇవాళ పది అనుకుంటే పదిహేను రాస్తుంది, రేపు పదిహేను అనుకుంటే ఇరవై. మనిషికి దక్కే సుఖం పెరగకపోయినా, తగ్గిపోతున్నా, ‘అనుకున్నదాని కన్నా ఎక్కువే వచ్చింది’ అన్న సంకేతం ఆగదు. అంకెలు నేను వేసుకున్నవి. మెదడు కచ్చితంగా ఇలాగే తప్పుతుందా అన్నదానిపై గణిత నమూనాలు రాసేవాళ్లలోనే వాదం నడుస్తోంది. కానీ ఠేలా మీద ప్లాస్టిక్ కాగితం రుద్దే చప్పుడు వినగానే నోట్లో నీళ్లూరడం ఎందుకో దీనితో చాలావరకు తెలుస్తుంది. ఆ చప్పుడే బండి కూత.

నల్లా, మోరీ, మోటారు

ఉత్తేజకాలు ఈ దొంగలెక్క ఎలా రాస్తాయి? మెదడు మధ్యభాగంలో, అడుగున, డోపమిన్ తయారుచేసే కణాలు నాలుగు నుంచి ఆరు లక్షలు ఉంటాయి. మెదడులో మొత్తం సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే అందులో ఇవి లెక్కకే రావు, కానీ వాటి కొమ్మలు దూరదూరాలకు పాకి ఉంటాయి. ఒక కణం డోపమిన్‌ను సందులోకి వదులుతుంది, అవతలి కణం గ్రాహకాలతో దాన్ని అందుకుంటుంది, మిగిలిపోయినదాన్ని రవాణా ప్రోటీన్ అనే చిన్న మోటారు వెనక్కి తోడుకుంటుంది. నీళ్లతో చెప్పుకుంటే నల్లా, హౌజు, మోరీ.

కొకైన్ మోరీకి గుడ్డ కుక్కుతుంది. నల్లా మామూలుగానే పారుతుంటే హౌజు నిండిపోతుంది. యాంఫెటమిన్, మెథాంఫెటమిన్ ఇంకా గడుసువి. మోరీ గుండా లోపలికి దూరి, కణంలో తిత్తుల్లో దాచి ఉన్న డోపమిన్‌ను కారేలా చేసి, మోటారును తిరగేస్తాయి. బయటికి పోవలసిన దారి నుంచే డోపమిన్ తిరిగి హౌజులోకి ఎగజిమ్ముతుంది. మెఫెడ్రోన్ ఈ రెండో జాతిది, డోపమిన్‌తో పాటు ఇంకో మెదడు రసాయనం సెరటోనిన్‌నూ కదిలిస్తుంది, త్వరగా దిగిపోతుంది. అందుకే ఒక్క రాత్రిలో మళ్లీ మళ్లీ పీలుస్తారు. నికోటిన్ మోరీ జోలికి పోదు. డోపమిన్ కణం మీదున్న వేరే గ్రాహకాలను తట్టి నల్లానే తిప్పుతుంది. ఎంత తిప్పినా నల్లాకు ఒక హద్దుంది, తిరగబడ్డ మోటారుకు అంత హద్దు లేదు. ఎలుకల్లో కొలిస్తే తిండి డోపమిన్‌ను మామూలు మీద ఒకటిన్నర రెట్లు చేస్తే, నికోటిన్ రెండు రెట్లకు కాస్త అటూఇటూ, యాంఫెటమిన్ పది రెట్ల దాకా తీసుకుపోతుంది. మోతాదును బట్టి ఈ అంకెలు మారతాయి, వీటిని మనుషులకు యథాతథంగా అంటించకూడదు.

సున్నం చేసే పని

మొత్తం ఎంత అన్నదాని కన్నా ఎంత వేగంగా అన్నది పెద్ద సంగతి. నా మట్టుకు నాకు ఈ అంశంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే ముక్క ఇదే.

ఏకాగ్రత లోపం ఉన్న పిల్లలకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ కొకైన్ మూసిన మోరీనే మూస్తుంది. అమెరికా పరిశోధకురాలు నోరా వోల్కోవ్ బృందం మెదడు స్కాన్లలో చూస్తే, మాత్రగా మింగినప్పుడు సగానికి పైగా మోటార్లు ఆగినా మనిషికి ఏ ‘కిక్’ రాలేదు, ఎందుకంటే అది పనిచేయడానికి గంట పట్టింది. అదే మందును నరంలోకి ఎక్కిస్తే నిమిషాల్లో ఆ స్థాయికి చేరి కిక్ వచ్చింది. నికోటిన్ పట్టీ చర్మానికి అంటించుకుంటే దానికి దాదాపు ఎవరూ బానిస కారు. అదే నికోటిన్ పొగగా పీలిస్తే 10–20 సెకన్లలో మెదడు చేరుతుంది.

ఖర్రా ఈ రెంటి మధ్యలో ఉంటుంది. దానికి వేగం ఇచ్చేది సున్నం. క్షారం తగిలితే నికోటిన్ విద్యుదావేశం పోయి, చెంప లోపలి పొర గుండా సులువుగా జారిపోతుంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీదివాళ్లు కోకా ఆకును సున్నంతోనో, బూడిదతోనో కలిపి నమలడం కూడా ఇందుకే. అదే ఆకులోని కొకైన్‌ను వేరుచేసి, పొడి చేసి, ముక్కుతో పీల్చి, చివరికి పొగగా తాగడం మొదలయ్యాక, అణువు అదే అయినా వేగం మారి కొంపలు కూలాయి. పాన్‌ఠేలా మీది మనిషికీ, ఆండీస్ రైతుకూ ఈ రసాయనశాస్త్రం ఎవరూ చెప్పలేదు, ఇద్దరికీ చేతికి తెలుసు.

గ్రాహకాలు తగ్గాయి సరే, ముందా వెనకా?

హౌజు రోజూ పొంగుతుంటే అవతలి కణం చెవులు మూసుకుంటుంది. కొకైన్, మెథాంఫెటమిన్ వాడేవాళ్ల స్కాన్లలో డీ2 అనే రకం డోపమిన్ గ్రాహకాలు తక్కువగా కనిపించాయి. మందు తగ్గాక రోజులు చప్పగా ఉండటం, పిల్లలు నవ్వినా పండగొచ్చినా లోపల ఏమీ కదలకపోవడం వెనక ఇదీ ఒక కారణం. ఠేలా దగ్గరి ‘డోపమిన్ ఖతం’ మాటకు మూలం ఇక్కడుంది.

కానీ నికోటిన్ దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. నికోటిన్ తట్టే గ్రాహకాలు తగ్గవు, పెరుగుతాయి. పదేపదే తట్టడంతో అవి మొద్దుబారతాయి, మొద్దుబారిన వాటికి తోడుగా కణం ఇంకొన్ని మొలిపిస్తుంది. తెల్లారేసరికి నికోటిన్ దిగిపోయి అవన్నీ ఒక్కసారి మేల్కొంటాయి. పొద్దున లేచీ లేవగానే మొదటి పుడియా కోసం వెతుకులాట అందుకే.

ఇంకో చిక్కు ఉంది. గ్రాహకాలు తగ్గింది వాడకం వల్లనా, లేక తక్కువ ఉన్నవాళ్లే వాడకంలోకి జారారా? 2002లో అమెరికాలో మైఖేల్ నేడర్ బృందం కోతులను మొదట విడివిడిగా ఉంచి స్కాన్ చేసింది, అప్పుడు పెద్ద తేడాల్లేవు. తర్వాత నాలుగేసి కలిపి ఒక చోట పెట్టారు. పెత్తనం దక్కిన కోతుల్లో డీ2 గ్రాహకాల కొలత పెరిగింది, కింద పడినవాటిలో పెరగలేదు. తర్వాత కొకైన్ అందుబాటులో పెడితే కింద పడిన కోతులే దానికి ఎక్కువ అతుక్కున్నాయి. అంటే రసాయనం ముట్టకముందే బతుకు మెదడును మార్చింది. మందు దాన్ని ఇంకా మారుస్తుందని కూడా వేరే ప్రయోగాల్లో తేలింది. రెండూ నిజమే.

రోగమా, అలవాటా, ఇష్టమా

1990ల చివర నుంచి అమెరికా వ్యసన పరిశోధన సంస్థ గట్టిగా చెబుతున్నది వ్యసనం మెదడు రోగం అని. 2003 నుంచి 2025 దాకా దాన్ని నడిపింది వోల్కోవే. స్కాన్లలో మార్పు కనపడుతోంది, నిగ్రహానికి పనికొచ్చే ముందుభాగం మందగిస్తోంది, కాబట్టి తిట్టడం మాని వైద్యం చేయాలంటారు వాళ్లు. నాడీశాస్త్రవేత్త, ఒకప్పుడు స్వయంగా మందులకు బానిసైన మార్క్ లూయిస్ ఒప్పుకోడు. ఏ గాఢమైన నేర్పైనా మెదడును మారుస్తుంది, సంగీతం నేర్చుకున్నా మారుతుంది, మార్పు కనపడినంత మాత్రాన రోగం అనకూడదని ఆయన వాదన. మూడో వైపు కార్ల్ హార్ట్ అనే అమెరికన్ నాడీశాస్త్రవేత్త ఉన్నాడు. కొకైన్ రోజూ వాడేవాళ్లను ప్రయోగశాలకు పిలిచి, ఒక మోతాదు తీసుకుంటారా, డబ్బు తీసుకుంటారా అని అడిగాడు. డబ్బు కాస్త గట్టిగా ఉన్నప్పుడు చాలామంది డబ్బే తీసుకున్నారు. ఎంచుకునే శక్తి చచ్చిపోలేదన్నమాట. ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నం ఎంచుకోవడానికీ, పగారా రాని నెలలో బస్తీలో ఎంచుకోవడానికీ చాలా తేడా ఉందని విమర్శకులు అంటారు, అదీ సబబే.

మా రెండు జిల్లాలకు ఈ వాదం కొత్తది కాదు, మందు సీసా రూపంలో ఎప్పుడో చూశాం. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యం బంద్. చంద్రపూర్‌లో 2015లో బంద్ పెట్టారు, 2021లో ఎత్తేశారు. అందకుండా చేస్తే వాడకం తగ్గుతుందన్నవాళ్లకూ, దొంగసారా పెరుగుతుందన్నవాళ్లకూ చెరొక చేతిలో సాక్ష్యాలున్నాయి. నాకు తోచింది ఒకటే: వోల్కోవ్, లూయిస్, హార్ట్ ముగ్గురూ ఒకే మెదడును మూడు చోట్ల నుంచి చూస్తున్నారు. యావ ఒక నేర్పు. అది గాఢంగా పడితే రోగంలాగే బాధిస్తుంది. అయినా పక్కన మంచిది ఇంకోటి దొరికితే కొంత వంగుతుంది.

వెనక్కి వచ్చేది ఎంత

హార్ట్ చూపించిన ఆ వంపు మీదే ఒక చికిత్స నిలబడింది. మూత్ర పరీక్షలో మాదకద్రవ్యం లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి, వరుసగా తేలితే పెద్దది. వినడానికి చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది గానీ కొకైన్, మెథాంఫెటమిన్ వ్యసనాలకు ఇప్పటిదాకా బాగా పనిచేసినది ఇదే. హెరాయిన్‌కు బ్యుప్రెనార్ఫిన్ ఉన్నట్టు వీటికి ఆమోదం పొందిన మందు లేదు. 2021లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో నాల్‌ట్రెక్సోన్, బ్యుప్రోపియాన్ కలిపి ఇస్తే మెథాంఫెటమిన్ వాళ్లలో 13.6 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 2.5 శాతం. ఏదో ఉంది, కానీ కొంచెమే. నికోటిన్‌కు పట్టీలు, గమ్, వారెనిక్లిన్ ఉన్నాయి.

డోపమిన్ నిజంగా ఖతమవుతుందా? 2001లో వోల్కోవ్ బృందం మెథాంఫెటమిన్ మానేసిన ఐదుగురిని 12 నుంచి 17 నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేసింది. పడిపోయిన రవాణా ప్రోటీన్లు చాలావరకు తిరిగొచ్చాయి. జ్ఞాపకం, చేతివాటం పరీక్షల్లో మాత్రం అంత బాగుపడలేదు. ఐదుగురే కాబట్టి దీని మీద మరీ ఎక్కువ కట్టకూడదు. ఇంకో వింత ఎలుకల్లో కనపడింది: కొకైన్ ఆపిన తర్వాత, దాన్ని గుర్తుచేసే దీపానికో చప్పుడుకో లేచే యావ మొదటి వారాల్లో తగ్గడానికి బదులు పెరుగుతూ పోతుంది. ఆరు నెలలు ఊరు మారి ‘పూర్తిగా మానేశా’ అని తిరిగొచ్చినవాడు స్టేషన్ దిగి, పాత ఠేలా చూడగానే తడబడటంలో వింత లేదు.

చిన్నబాపు మానేసి నాలుగేళ్లు. బజారుకు పోవాలంటే ఇప్పటికీ ఠేలా ఉన్న సందు వదిలి చుట్టుతిరిగి పోతాడు. యావ దాదాపు లేదంటాడు. వక్క చేసిన పని మాత్రం వేరే. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. క్యాన్సర్ కన్నా ముందు చెంప లోపల నార కట్టి నోరు బిగుసుకుంటుంది, బిగుసుకున్నది మళ్లీ వదులవడం అరుదు. పళ్ల డాక్టర్ మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూస్తాడు, మామూలు మనిషి నోట్లో మూడూ పడతాయి. మా చిన్నబాపుకు రెండే పడతాయి.